మంచం పక్కన మాట

ఆసుపత్రిలో అందరి నోటా వినిపించే మాట ఒకటుంది. ‘ఏం కాదులే.’ థియేటర్ వైపు స్ట్రెచర్ తోసుకెళ్లే వార్డుబాయ్ అంటాడు. బత్తాయిలు పట్టుకుని చూడ్డానికొచ్చిన పెదనాన్న అంటాడు. అందరికంటే ఎక్కువసార్లు నర్సు అంటుంది, రోగి పక్కన అందరికంటే ఎక్కువసేపు ఉండేది ఆమే కాబట్టి. మంచి మనసుతోనే అంటుంది. కానీ ఆ మాట విన్నాక రోగి ముఖం చూడండి. తలూపుతాడు, ఊరుకుంటాడు. ‘మత్తు మధ్యలో దిగిపోతే ఎలా?’ అని అడగబోయినవాడు అడగడు. ‘నాకేదైనా అయితే పిల్ల పెళ్లి ఎవరు చేస్తారు?’ అనబోయినవాడు గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ధైర్యం తెచ్చుకున్నాడనుకుని నర్సు పక్క మంచానికి వెళ్తుంది. తన భయం ఇక్కడ ఎవరికీ చెప్పుకోకూడదని ఇతను అర్థం చేసుకుంటాడు.

ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ వెలువరించినప్పుడు గాలి, వెలుతురు, శుభ్రతలకు అధ్యాయాలు కేటాయించినట్టే, రోగి దగ్గర ఊరికే పలికే ఆశలకూ ఉచిత సలహాలకూ ఒక అధ్యాయం కేటాయించారు. జబ్బు సంగతి ఏమీ తెలియకుండానే తగ్గిపోతుందని చెప్పేవాళ్ల మధ్య రోగి ఒంటరివాడైపోతాడని అందులో గట్టిగా వాదించారు. రోగి మెడ తిప్పాల్సిన అవసరం లేకుండా అతని చూపుకు ఎదురుగా కూర్చోవాలనీ, వెనకనుంచీ గుమ్మంలోంచీ మాట్లాడకూడదనీ కూడా రాశారు. క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సైనికుల మధ్య తిరిగిన మనిషి, కిటికీ ఎంత తెరవాలో చెప్పినంత శ్రద్ధగా, కుర్చీ ఎక్కడ వేసుకోవాలో కూడా చెప్పారు.

నూట అరవై ఏళ్లు దాటినా మనం మాత్రం ఈ విషయాన్ని స్వభావానికే వదిలేశాం. ‘ఆ సిస్టర్ చాలా మంచిది, బాగా మాట్లాడుతుంది’, ‘నైట్ డ్యూటీ ఆవిడ కసురుకుంటుంది’ అని చెప్పుకుంటాం. చంటిబిడ్డ చేతికి క్యాన్యులా ఎక్కించడం ఎవరికీ పుట్టుకతో రాదు. నేర్పిస్తారు, పక్కన నిలబడి చేయిస్తారు, తప్పు చేస్తే దిద్దుతారు. మాట విషయంలో ఇదెందుకు జరగదు? రోగితో మాట్లాడటం నర్సు పనికి అదనంగా చేర్చుకున్న మంచితనం కాదు. అది ఆమె చేసే వైద్యంలో భాగం. దానికి పాఠం ఉంది, పద్ధతి ఉంది, హద్దులున్నాయి. లేనిది దానికి కేటాయించిన సమయం, దాన్ని పనిగా లెక్కలో వేసే ఆసుపత్రి.

ఎర్ర సిరా పడిన పేజీ

ఈ పాఠానికి పునాది వేసినవారిలో ముఖ్యురాలు హిల్డెగార్డ్ పెప్లావ్. 1909లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టిన ఈ మానసిక ఆరోగ్య నర్సు, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో నర్సుగా పనిచేశారు. నర్సుకూ రోగికీ మధ్య ఉండే సంబంధమే నర్సింగ్‌కు కేంద్రం అంటూ ఆమె రాసిన పుస్తకం 1948కే సిద్ధమైంది. అచ్చయింది మాత్రం 1952లో. డాక్టర్ పేరు పక్కన లేకుండా ఒక నర్సు ఇంత పుస్తకం రాయడమేమిటని ప్రచురణకర్తలు వెనకాడారు. ఇవాళ మన నర్సింగ్ కాలేజీల్లో మెంటల్ హెల్త్ నర్సింగ్ చదివే ప్రతి అమ్మాయికీ అబ్బాయికీ ఆమె పేరు తెలుసు. నర్సు మొదట రోగికి అపరిచితురాలు, తర్వాత సమాచారం ఇచ్చే మనిషి, నేర్పే గురువు, ఒక్కోసారి అమ్మకో అక్కకో బదులుగా నిలిచే మనిషి, చివరికి సెలవు తీసుకోవాల్సిన మనిషి అంటారామె. ఆ చివరిది చాలామందికి గుర్తుండదు. తనతో పని లేకుండా రోగి తన కాళ్ల మీద తాను ఇంటికెళ్లడమే ఈ సంబంధం నెరవేరిందనడానికి గుర్తు.

పెప్లావ్ పట్టుబట్టి నేర్పిన పద్ధతి ‘ప్రాసెస్ రికార్డింగ్’. హైదరాబాద్ ఎర్రగడ్డలోనో, విశాఖ చినవాల్తేరులోనో మానసిక వైద్యశాలకు పోస్టింగ్ మీద వెళ్లిన విద్యార్థులు రోగితో మాట్లాడిన మాటలన్నీ, ఇద్దరివీ, ఉన్నవి ఉన్నట్టు రాయాలి. పక్క గడిలో ఆ క్షణాన తనకేమనిపించిందో రాసుకోవాలి. ఆఖరి గడి టీచర్‌ది. ఆ రికార్డులో ఒక పేజీ ఇంచుమించు ఇలా ఉంటుంది:

‘నన్ను ఇంటికెప్పుడు పంపుతరు సిస్టర్?’

‘త్వరలోనే పంపిస్తారు. టిఫిన్ చేశారా?’

పక్క గడిలో విద్యార్థిని రాసుకున్నది: ఏం చెప్పాలో తెలియలేదు, భయమేసింది. టీచర్ ఎర్ర సిరాతో: ఎప్పుడు పంపిస్తారో నీకు తెలుసా? తెలియనిది ఎందుకు చెప్పావు? మాట ఎందుకు మార్చావు?

రెండో రోజు పేజీ:

‘మా ఇంటోళ్లు రాక నాలుగు నెలలైంది.’

‘నాలుగు నెలలు...’

కాసేపు మౌనం అని బ్రాకెట్లో రాసి ఉంటుంది.

‘ఫోన్ జేస్తే కలుస్తలేదు. నంబర్ మార్చిండ్రు గావచ్చు.’

టీచర్ అక్కడ చిన్న టిక్కు పెడుతుంది. విద్యార్థిని చేసిందల్లా ఆయన అన్న మాటనే తిరిగి అని, తర్వాత ఊరుకోవడం. ‘త్వరలోనే పంపిస్తారు’ అన్న రోజు ఆయన చెప్పనిది, ఈ రోజు చెప్పాడు. ఇప్పుడు వార్డు చేయగలిగిన పని ఒకటి ఏర్పడింది: సోషల్ వర్కర్‌కు చెప్పి ఇంటి చిరునామా వెతికించడం. వార్డులో పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు కూడా అన్నిటికంటే కష్టమైనది ఆ ఊరుకోవడమేనని నాకనిపిస్తుంది. మనవాళ్లకు మౌనం మర్యాద తక్కువలా తోస్తుంది. ఎవరైనా బాధపడుతుంటే ఏదో ఒకటి అనకపోతే మనసొప్పదు.

ఇంకొకటి ‘ఎందుకు’. ఎందుకు మందు మానేశారు, ఎందుకు లేటుగా తీసుకొచ్చారు, ఎందుకు తినలేదు. ఈ ప్రశ్న ఎంత మెత్తగా అడిగినా పోలీసు స్టేషన్‌లో అడిగినట్టే వినిపిస్తుంది. రోగి జవాబు చెప్పడు, సంజాయిషీ ఇస్తాడు. ‘మందు ఆగిన రోజు ఏం జరిగింది?’ అని అడిగితే డబ్బుల్లేవన్న సంగతో, వేసుకోగానే వాంతయిందన్న సంగతో బయటికొస్తుంది.

అయితే బాధ ఏమిటంటే, ఈ అభ్యాసమంతా చాలాచోట్ల మానసిక వైద్యశాల పోస్టింగ్‌తోనే ముగిసిపోతుంది. రికార్డు పుస్తకం సబ్మిట్ చేశాక మెడికల్ వార్డులోనో, సర్జికల్ వార్డులోనో ఆ పద్ధతిని ఎవరూ అడగరు. భయం పిచ్చాసుపత్రిలో మాత్రమే ఉంటుందన్నట్టు.

‘గ్యాస్ పట్టేసింది’

రాత్రి రెండింటికి క్యాజువాలిటీకి వచ్చిన యాభై ఏళ్ల మనిషి ‘ఛాతీలో నొప్పి’ అని చెప్పడు. ‘గ్యాస్ పట్టేసింది సిస్టర్, ఓ ఇంజెక్షన్ ఇచ్చేయండి’ అంటాడు. సోడా తాగానంటాడు, జీలకర్ర నమిలానంటాడు. వినడం వచ్చిన నర్సు ‘గ్యాసే లెండి’ అనదు, ‘గ్యాస్ అని మీకెలా తెలుసు?’ అని ఎదురూ అడగదు. ‘ఎక్కడ పట్టేసిందో చేత్తో చూపించండి’ అంటుంది. ఆయన వేలు కాకుండా పిడికిలి మొత్తం గుండె మీద పెట్టాడా, చొక్కా చెమటకు తడిసిందా, ఎడమ చెయ్యి లాగుతోందా, షుగర్ ఉందా? షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు పెద్ద నొప్పి లేకుండా కూడా రావచ్చు. ఈసీజీ తీయాలన్న నిర్ణయం ఆ నాలుగు మాటల మీద ఆధారపడుతుంది.

సున్నా నుంచి పది దాకా నొప్పికి నంబరు చెప్పమంటే పట్నంలో చదువుకున్న కుర్రాడు ఏడు అంటాడు. పొలంలో పనిచేసి వచ్చిన అవ్వ ‘ఏమో బిడ్డా’ అంటుంది. ఆమె దగ్గర నంబర్లు లేవు గానీ నొప్పికి పేర్లున్నాయి. పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, గుంజుడు వేరు, తీపులు వేరు. గడ్డ కట్టి చీము పడుతున్నప్పటి సలుపునూ, నరం లాగినప్పటి గుంజుడునూ ఆమె ఎన్నడూ కలిపెయ్యదు. ‘దమ్మొస్తుంది’ అన్నా, ‘ఆయాసంగా ఉంది’ అన్నా, ‘గాబరాగా ఉంది’ అన్నా ఏ జిల్లా మనిషి ఏమంటున్నాడో తెలిసిన నర్సు డాక్టరుకు అందించే సమాచారం ఏ మిషన్ నుంచీ రాదు. హైదరాబాద్ ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా పనిచేస్తున్న మలయాళీ సిస్టర్లలో చాలామంది ఈ మాటలు రోగుల దగ్గరే ఒక్కొక్కటిగా నేర్చుకున్నారు. కార్పొరేట్ ఆసుపత్రి వారికి సాఫ్ట్‌వేర్‌లో నెల రోజులు శిక్షణ ఇస్తుంది, తెలుగులో ఇవ్వదు. ఇది సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

తోడల్లుడి సూది

షుగర్ పేషెంట్ల వార్డులో ఎక్కడైనా కనిపించే సందర్భమిది. కాలి పుండుతో చేరిన గోదావరి జిల్లా పెద్దాయన ఇన్సులిన్ వద్దంటున్నాడు. ‘మొండివాడు, వినడు’ అని కేస్ షీట్ చూస్తూ ఎవరో అంటారు. ఇన్సులిన్ మానేస్తే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు రెండుసార్లు చెప్పారు. ఆయన ఇంకా బిగుసుకున్నాడు.

సాయంత్రం డ్యూటీ సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది.

‘పెద్దాయనా, సూది అనగానే మీకేం గుర్తొస్తోంది?’

‘ఏం గుర్తొస్తుందమ్మా... మా తోడల్లుడు. సూది మొదలెట్టాక ఆర్నెల్లు తిరక్కుండా పోయాడు.’

‘అది కళ్లారా చూశారు. భయమెయ్యదూ మరి. మొదలెట్టేనాటికి ఆయన ఎలా ఉండేవారు?’

‘ఎలా ఉంటాడు, అప్పటికే కాలు తీసేశారు. కిడ్నీలూ పోయాయన్నారు. అన్నీ అయిపోయాక వేశారు సూది.’

ఆమె వాదించలేదు. పెద్దాయన కాసేపు తన కాలి కట్టు వైపు చూసుకుని, ‘నాకింకా కాలుంది కదా’ అన్నాడు.

భయపెట్టి ఒప్పించిన రోగి వార్డులో ఉన్నన్నాళ్లు సూది వేయించుకుంటాడు. ఇంటికెళ్లాక మానేస్తాడు. ఈయన భయానికి ఒక కథ ఉంది. ఆ కథను బయటికి రానిస్తే అందులోని తప్పు లెక్కను ఆయనే దిద్దుకున్నాడు. దీనికి పట్టింది టీ తాగేంత సేపు.

సగం పని అయింది. మిగతా సగం ఇంకా ప్రమాదమైనది. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జి మిల్లీలీటరుకు 100 యూనిట్లది. పెన్ను పాడైందని కార్ట్రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజితో లాగి, 20 గీత దాకా నింపితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి తెల్లారేసరికి లేవకపోవచ్చు. ఇదంతా డిశ్చార్జి రోజున, బిల్లు కట్టే హడావుడిలో, ఆటో బయట ఆగి ఉండగా చెప్పి ‘అర్థమైందా?’ అంటే ప్రతి ఒక్కరూ ‘అర్థమైంది’ అనే అంటారు. చదువుకున్నవాళ్లు మరీ తొందరగా అంటారు.

అందుకే అర్థమైందా అని అడగొద్దని నర్సింగ్ నేర్పేవాళ్లు చెబుతారు. ‘నేను సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలియాలి. ఇంటికెళ్లి మీ కోడలికి ఎలా చెబుతారో ఒకసారి నాకు చెప్పండి’ అనమంటారు. పరీక్ష రోగికి కాదు, చెప్పినవాళ్లకే అన్నట్టు అడగడంలోనే ఉంది ఈ పద్ధతి మర్యాద. కీళ్లవాతానికి వారానికి ఒకేసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్న ఉదంతాలు వైద్యులందరికీ తెలుసు. ‘వారానికోసారి’ అని చీటీ మీద ఉంటుంది. వారంలో ఏ రోజో రోగి నోట చెప్పించినప్పుడు మాత్రమే ఆ చీటీ ఆయనకు చేరినట్టు.

ఏడో నంబరు బెడ్

ఇక్కడ నర్సుల తరఫున మాట్లాడకపోతే అన్యాయం. 1960లో ఇసబెల్ మెంజీస్ అనే మనోవిశ్లేషకురాలు లండన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి నర్సింగ్ వ్యవస్థ మీద అధ్యయనం ప్రచురించారు. శిక్షణలో చేరిన నర్సింగ్ విద్యార్థుల్లో మూడోవంతు మంది మధ్యలోనే వెళ్లిపోతున్నారు. కారణం వెతుకుతూ వెళితే ఆమెకు కనిపించింది ఇది: చావునూ, బాధనూ రోజంతా దగ్గర్నుంచి చూసే మనిషికి కలిగే ఆందోళనను తట్టుకోవడానికి ఆసుపత్రే కొన్ని అలవాట్లు తయారుచేసింది. పనిని ముక్కలు చేసి, ఒక నర్సు అందరి ఉష్ణోగ్రతలూ చూస్తే, ఇంకొకరు అందరి పక్కలూ సర్దుతారు. ఏ నర్సుకూ ఒక రోగి మొత్తంగా దక్కడు. రోగిని పేరుతో కాక బెడ్ నంబరుతోనో, జబ్బు పేరుతోనో పిలుస్తారు. ఈ అలవాట్లు నర్సును కాపాడకపోగా, పనిలోని సంతృప్తిని కూడా లాగేసుకున్నాయని మెంజీస్ తేల్చారు.

‘ఏడో నంబర్ బెడ్‌కు డ్రిప్ అయిపోయింది’, ‘ఆ హెర్నియా కేసు లోపలికి పంపండి’. మన వార్డుల్లో వినని రోజుందా? ఇలా పిలిచే నర్సు రాతిగుండె మనిషి కాదు. ఒక రాత్రిలో రెండు మరణాలు చూసి, మూడో మంచం దగ్గర చేయి వణక్కుండా సూది గుచ్చాల్సిన మనిషి. పైగా ఆమె ఒక్కతే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలి. ప్రభుత్వాసుపత్రి జనరల్ వార్డులో ఒక రాత్రి గడిపినవాళ్లెవరికైనా ఆ ప్రమాణానికీ అక్కడి లెక్కకూ ఎంత దూరమో తెలుసు. నేల మీద పరుపులేసుకున్నవాళ్లను కూడా కలుపుకుంటే ఆ లెక్క చెప్పడానికే మనసొప్పదు. ప్రైవేటులో రోగుల సంఖ్య తక్కువే కావచ్చు, అక్కడ జీతం తక్కువ, బిల్లు మీద కోపం మాత్రం కౌంటర్‌లో కూర్చున్నవాళ్ల మీద కాక ఎదురుగా ఉన్న సిస్టర్ మీద పడుతుంది. ‘ఏయ్ నర్సూ’ అని చిటికెలేసి పిలిచే బంధువులు, తమ మనిషితో ఆమె మృదువుగా మాట్లాడాలని మాత్రం కోరుకుంటారు.

సిబ్బంది కొరత తీరకుండా మాట బాగుపడదు. ఆ మాట గట్టిగా చెప్పాలి. అయినా ఉన్న సమయంలోనే మారేవి కొన్ని ఉన్నాయి. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో వెన్ను ఆపరేషన్ అయిన 120 మంది మీద జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. సర్జన్ నిలబడి మాట్లాడినా, కూర్చుని మాట్లాడినా గడిపిన సమయం దాదాపు ఒక్కటే. కూర్చున్నప్పుడు మాత్రం ఆయన ఎక్కువసేపు ఉన్నాడని రోగులు అనుకున్నారు. నైటింగేల్ చెప్పిన కుర్చీ ఇదే.

కేట్ గ్రేంజర్ అనే బ్రిటిష్ డాక్టర్ తానే క్యాన్సర్ రోగిగా ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వచ్చి తనను తాకి, పరీక్షించి వెళ్లేవాళ్లలో చాలామంది తమ పేరైనా చెప్పడం లేదని గమనించారు. 2013లో ఆమె మొదలుపెట్టిన ‘హలో, మై నేమ్ ఈజ్’ ఉద్యమం బ్రిటన్ ఆసుపత్రులంతటా పాకింది. 2016లో ఆమె కన్నుమూశారు. మన దగ్గర కోవిడ్ రోజుల్లో పీపీఈ కిట్ల మీద నర్సులు మార్కర్ పెన్నుతో తమ పేర్లు రాసుకున్నారు, కళ్లు తప్ప ఏమీ కనిపించని మనుషుల మధ్య రోగికి పిలుచుకోవడానికి ఒక పేరుండాలని. కిట్లు పోయాయి. పేరు చెప్పే అలవాటు మిగలాల్సింది.

ఎంత దగ్గర, ఎంత దూరం

మన ఊళ్లలో పరిచయమంటే వివరాలన్నీ కనుక్కోవడం. ‘ఏ ఊరమ్మా మీది? పెళ్లయిందా? మీరేమిటోళ్లు?’ అని రోగి మంచం మీంచే నర్సును అడుగుతాడు. ఆఖరి ప్రశ్నకు జవాబును బట్టి ఆమె చేతి నీళ్లు తాగాలా వద్దా అని ఆలోచించేవాళ్లు ఇంకా ఉన్నారు. దళిత కుటుంబాల నుంచి ఈ వృత్తిలోకి వచ్చి నిలబడిన ఎందరో అమ్మాయిలకు ఈ ప్రశ్న ఎంత మంట పుట్టిస్తుందో వాళ్లనడిగితే తెలుస్తుంది. ఆమె జవాబు చెప్పనక్కర్లేదు. నా గురించి తర్వాత, ముందు మీ బీపీ చూద్దాం అనడం పొగరు కాదు. ఈ సంబంధం రోగి అవసరం చుట్టూ తిరగాలన్నది వృత్తిధర్మంలో మొదటి నియమం. నర్సు తన కష్టాలు చెప్పుకోవడానికీ, రోగి ఆమె వాట్సాప్ నంబరు అడగడానికీ, డిశ్చార్జి రోజు కవరు చేతిలో పెట్టడానికీ కూడా అదే హద్దు వర్తిస్తుంది. పంచుకుని తినే స్వీట్ ప్యాకెట్ సంగతి వేరు.

రహస్యం కూడా ఇలాంటిదే. ‘పక్క బెడ్ ఆయనకేంటి జబ్బు?’ అని అడగడం మనకు పలకరింపు. హెచ్ఐవీ విషయంలోనైతే 2017లో చేసిన చట్టమే ఉంది. ఆ వివరం రోగి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని అది నిషేధిస్తుంది. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమూ రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. వరండాలో బిగ్గరగా చదివే రిపోర్టుతో ఆ హక్కు పోతుంది.

అన్నిటికంటే చిక్కు ముడి కొడుకులు వేస్తారు. ‘క్యాన్సర్ అని నాన్నకు చెప్పకండి సిస్టర్, తట్టుకోలేడు.’ ప్రేమతోనే అంటారు. కీమో వార్డులో రోజుల తరబడి పక్కవాళ్లను చూస్తున్న తండ్రికి చాలావరకు తెలిసే ఉంటుంది. తనకు తెలుసని కొడుక్కి తెలియనీకుండా ఆయనా నటిస్తుంటాడు. రోగ నిర్ధారణ చెప్పాల్సింది డాక్టర్. నర్సు ఆయన్ను దాటి వెళ్లకూడదు, అలాగని అబద్ధమూ ఆడకూడదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల పాలియేటివ్ కేర్ చేసే నర్సులు ఈ ముడి రోజూ చూస్తారు. వాళ్ల వృత్తి నేర్పే దారి ఏమిటంటే, తండ్రిని అడగడం: ‘మీ జబ్బు గురించి మీకేం తెలుసు? ఇంకా ఏమైనా తెలుసుకోవాలని ఉందా, లేక అబ్బాయితోనే మాట్లాడమంటారా?’ ఎంత తెలుసుకోవాలో నిర్ణయించే హక్కు ఆయన చేతికి వస్తుంది. కొందరు వద్దంటారు. ఆ వద్దు కూడా ఆయనదే కావాలి.

కాన్పు గదిలో

ఇంతవరకు చెప్పినదంతా వినేవాళ్లు లేకపోవడం గురించి. కాన్పు గదిలో జరిగేది అంతకు మించినది. నొప్పులతో అరుస్తున్న అమ్మాయిని ‘అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా’ అని దెప్పడం, తొడ మీద కొట్టడం, బట్టలు సరిచేయకుండా వదిలేయడం గురించి మన ఆడవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకుంటూనే ఉన్నారు. అమ్మమ్మలూ చెప్పారు, అమ్మలూ చెప్పారు. బిడ్డ చేతికొచ్చాక మర్చిపోవాలనే అందరూ అన్నారు. ఇది మర్చిపోవాల్సిన సంగతి కాదు. ప్రసవ సమయంలో అగౌరవాన్నీ, వేధింపునూ అంతం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రకటన ఇచ్చింది. 2017లో కేంద్రం ‘లక్ష్య’ కార్యక్రమం మొదలుపెట్టి, లేబర్ రూమ్ నాణ్యతలో గౌరవప్రదమైన సంరక్షణను కూడా చేర్చింది. మాట తీరు ఒక ఆసుపత్రి అంచనాలో భాగం కావడం ఆషామాషీ విషయం కాదు.

అదే 2017లో తెలంగాణ ప్రభుత్వం యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్లతో కలిసి ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ కరీంనగర్‌లో ప్రారంభించింది. మిడ్‌వైఫ్ పని తీరు వేరు. నొప్పులు పడే అమ్మాయి పక్కనే ఉంటుంది. పడుకోబెట్టకుండా నడిపిస్తుంది, నడుం రాస్తుంది, బంతి మీద కూర్చోబెడుతుంది. ఏం జరగబోతోందో ముందే చెబుతుంది: ‘ఇప్పుడు లోపల చెయ్యి పెట్టి చూస్తాను, కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, ఆపమంటే ఆపేస్తా.’ ఆ ఆఖరి మాట మన లేబర్ రూములకు కొత్త. ఆపమనే హక్కు ఉందని తెలిసిన ఒళ్లు బిగుసుకోదు. బిగుసుకోకపోతే కాన్పు సాఫీగా సాగుతుంది. మాట మందులా పనిచేసే చోటు చూపించమంటే నేను మొదట చూపించేది ఇదే. కరీంనగర్‌లో నేర్చుకున్నవాళ్లు కొత్తగా రిక్రూట్ అయిన వేరే రకం మనుషులు కారు. ఆ ప్రభుత్వ వార్డుల్లోంచే వచ్చిన నర్సులు. నేర్పితే వస్తుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

అయిదు నిమిషాల పరీక్ష

అమీర్‌పేటలోనో విజయవాడలోనో కోచింగ్ సెంటర్ మెట్ల మీద సాయంత్రాలు బ్యాగులతో కనిపించే నర్సులు చాలామంది ఓఈటీకి చదువుతున్నవాళ్లు. బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో నర్సుగా నమోదు కావడానికి చెల్లుబాటయ్యే ఇంగ్లీషు పరీక్ష అది. అందులో మాట్లాడే భాగం రెండు సన్నివేశాలు. ఒక్కోటి అయిదు నిమిషాలు. ఎదురుగా ఉన్న మనిషి రోగిగానో, బంధువుగానో నటిస్తారు. చీటీ చదువుకోవడానికి మూడు నిమిషాలు ఇస్తారు. తల్లి టీకా వద్దంటోంది, లేదా ముసలాయన ఇంటికి పంపమని గొడవ పెడుతున్నాడు. మార్కులు ఇంగ్లీషుకు మాత్రమే కాదు. 2018 నుంచి రోగితో సంబంధం ఎలా ఏర్పరచుకున్నారు, అతని వైపు నుంచి విషయాన్ని అర్థం చేసుకున్నారా, సమాచారం ఎలా రాబట్టారు, ఎలా ఇచ్చారు అన్నవాటికి కూడా వేస్తున్నారు. మధ్యలో అడ్డుపడ్డారా, ఎదుటివాళ్ల ఆందోళనను పట్టించుకున్నారా అని చూస్తారు.

ఆ సాయంత్రాల్లో మన అమ్మాయిలు నెలల తరబడి సాధన చేసేది ఇదే. మాంచెస్టర్ ముసలావిడ భయాన్ని ఎలా వినాలో, ఆమె మాటను ఆమెకే ఎలా తిరిగి అందించాలో ఒకరికొకరు రోగులై నేర్చుకుంటారు. పొద్దున డ్యూటీకి వెళ్లిన వార్డులో మాత్రం ఇదే పని తెలుగులో చేయమని వాళ్లనెవరూ అడగరు, చేస్తే మార్కులూ వేయరు. వాళ్లు వెళ్లిపోవడం తప్పని నేననను. ఇక్కడి జీతాలు తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. నాకు కావాల్సింది వాళ్లు అక్కడికోసం నేర్చుకున్నది ఇక్కడ కూడా పరీక్షగా మారడం.

జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ ఆచరణ పరీక్షల్లో డ్రెస్సింగ్ చేయించి చూస్తారు, క్యాథెటర్ పెట్టించి చూస్తారు. ఆ పక్కనే ఒక బల్ల, రెండు కుర్చీలు. అయిదు నిమిషాలు తెలుగులో, లేదా రోగి భాష ఉర్దూ అయితే ఉర్దూలో. ఇన్సులిన్ వద్దంటున్న పెద్దాయన, చెప్పొద్దంటున్న కొడుకు, గ్యాస్ అంటున్న యాభై ఏళ్ల మనిషి. తెలుగు రాని విద్యార్థికి ఆ అయిదు నిమిషాలకు ముందు ఒక సెమిస్టర్ వార్డు తెలుగు. ఉద్యోగంలో చేరిన నర్సుకు షిఫ్టు మారేటప్పుడు, స్టేషన్ దగ్గర రిజిస్టరు చూసి కాక మంచం దగ్గర నిలబడి, రోగి వింటుండగా డ్యూటీ అప్పజెప్పే పద్ధతి. తన గురించి తప్పు చెబితే అతనే దిద్దుతాడు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిళ్లు, ఆరోగ్య విశ్వవిద్యాలయాలు అనుకుంటే వచ్చే విద్యా సంవత్సరానికే ఇవి మొదలవుతాయి. కొత్త భవనం అక్కర్లేదు, విదేశీ మిషన్ అక్కర్లేదు. పరీక్షలో రోగిగా కూర్చోవడానికి నటులు కూడా అక్కర్లేదు. ఆ వార్డులోంచే కోలుకుని వెళ్లినవాళ్లను రానూపోనూ బస్సు ఛార్జీలిచ్చి పిలిస్తే వస్తారు, మార్కుల షీట్‌లో వాళ్లకూ ఒక గడి ఇవ్వాలి.